పేరెఱుగని పదార్థము



పనిచేయుచోట రసాయనము ఒలికినప్పుడు ఏమి చేయవలెను, ఒలుకకమునుపే ఏమి సిద్ధపఱచుకొనవలెను అనునది నేటి ప్రసంగవిషయము. ఇది యంత్రశాలలవారి గొడవ గాని మనది కాదని కొందఱు తలంపవచ్చును. బాటసింగారమునే చూడుడు. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున రేయింబవళ్లు ట్యాంకరు బండ్లు సాగుచుండును. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్ల విపణి 2021-22లో ఇచటికి తరలివచ్చినది. సరకులు నిలువచేయు పెద్ద గిడ్డంగులు వెలసినవి. అట్టిచోట్ల మూటలెత్తువారును, కావలి కాయువారును మన పిల్లలే. కావున ఇది మన యింటి మాట.

విశాఖపట్టణమున జరిగిన సంగతి మీలో పెక్కురు వినియుందురు. 2020 మే 7 తెల్లవారుజామున సుమారు 3 గంటలకు, గోపాలపట్టణము చేరువ ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారములో ఒక తొట్టి నుండి స్టైరీన్ అను రసాయనపు ఆవిరి వెలువడినది. స్టైరీన్ చల్లగా ఉంచవలసిన ద్రవము. కరోనా దినములలో కర్మాగారము మూతపడియుండగా, తొట్టిలోని ద్రవము వేడెక్కి, కణములు ఒకదానితో నొకటి కలిసి గట్టిపడసాగెను. ఆ చర్యవలన వేడి మఱింత హెచ్చినది. దాని ఆవిరి గాలికంటె మూడింతలకు పైగా బరువు. కావున అది మీదికి పోక, నేలబట్టి ప్రాకి, జనులు నిద్రించుచున్న ఇండ్లలో దూరినది. 12 మంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పరుగెత్తినవారిలో కొందఱు త్రోవలోనే కూలిరి. అపాయమును తెలుపవలసిన సైరను మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము తేల్చినది.

గోడకు ఆవల ఏమున్నదో ఈవలివారికి తెలియకపోవుటయే ఇందలి పెద్ద కీడు. పదార్థము పేరెఱిగిన గుణమెఱుగవచ్చును. గుణమెఱిగిననే ఉపాయము దొరకును.

దీనికి నా తప్పునే దృష్టాంతముగా చెప్పెదను. నేను బడిలో పాఠములు చెప్పు దినములలో చిక్కని గంధకికామ్లపు సీసా ఒకటి పగిలినది. దానిమీది చీటి చిరిగి నెలలైనను నేను వేఱొకటి అంటింపనైతిని. బడినౌకరు అది యేమో యెఱుగక, నేల కడుగుటకై చెంబెడు నీళ్లు పోసెను. చిక్కని ఆమ్లముపై నీరు పడినంతనే సలసల క్రాగి చిందును. అట్లే చింది అతని ముంజేయి కాలినది. వెంటనే ఆ చేతిని ధారగా పడు నీటిక్రింద చాలసేపు ఉంచితిమి, గాయము ముదురలేదు. నేలమీద కీడు చేసిన నీరే చేతిమీద మేలు చేసినది. ఒంటికి గాని కంటికి గాని ఆమ్లము సోకినచో, తడిసిన బట్టలు తీసివేసి, 15 నిమిషములకు తక్కువ కాకుండ ధారాళముగా నీటితో కడిగి, వైద్యునికడకు కొనిపోవలెను.

మఱియొకటి చూడుడు. కాయలు మాగించుటకు కార్బైడు వాడుట చట్టవిరుద్ధము. అయినను దొంగచాటుగా వాడువారు కలరు. దాని మూట చినిగినచో నీరు చల్లరాదు. నీరు తగిలిన నిప్పంటుకొను అసిటిలీను వాయువు పుట్టును. దీపము, బీడి, విద్యుత్తు మీట ఏదియు దాని దరిని తాకరాదు.

ఆవిరి లేచినప్పుడు ఏ దిక్కునకు పోవలెనో తూర్పారబట్టు రైతునకు చెప్పనక్కఱలేదు. పొల్లు పడువైపున ఎవరును నిలువరు గదా! గాలి వచ్చు దిక్కునకు పొండు. ఆ త్రోవలో ఒలికినచోటే అడ్డమైనచో ప్రక్కకు తొలగి ఆవిరిని దాటుడు. పల్లమునకు దిగక మిట్ట చేరుడు. బరువైన ఆవిరి పల్లముననే నిలుచును. లోపల ఒకడు పడిపోయిన, వానికై ఉత్తచేతులతో దూకరాదు. రక్షింపబోయినవాడు రెండవవాడై పడును. తగిన ముసుగులు గల అగ్నిమాపకదళమువారిని పిలువవలెను.

ట్యాంకరు బోల్తాపడినప్పుడు బిందెలు పట్టుకొని పరుగెత్తుట మృత్యువునకు ఎదురేగుటయే. దూరమున నిలిచి బండిమీది పలకను చూడుడు. దానిపై నాలుగంకెల సంఖ్య ఉండును. 1203 పెట్రోలు, 1005 అమ్మోనియా, 1017 క్లోరీను, 1830 గంధకికామ్లము. 112కు ఫోను చేసి ఆ సంఖ్య చెప్పినచో, వచ్చువారు తగిన సాధనములతోనే వత్తురు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినందున ఫలములేదు. పనిచోట ప్రతి డబ్బాకును పేరుచీటి, పొడియిసుక, ధారాళమైన నీరు, తెఱచి యుంచిన రెండు ద్వారములు ముందే ఉండవలెను. ఏడాదికొకసారియైన సైరను మ్రోగించి అభ్యాసము చేయింపవలెను. ఒలికినదానిని కాలువలోనికిగాని చెఱువులోనికిగాని కడిగి వదలరాదు.

ప్రమాదకర రసాయనములను పరిమితికి మించి నిలువయుంచువారు, ఆపదలో చేయవలసిన పనిని చుట్టుప్రక్కలవారికి ముందే తెలుపవలెనని 1989 నాటి నిబంధనలు విధించుచున్నవి. భోపాలులో 1984 డిసెంబరున వేలమంది మరణించిన పిదప కలిగిన జాగ్రత్త ఇది. పెద్దలారా, పిల్లవాడు గిడ్డంగిపనిలో చేరిననాడు జీతమెంత యని అడుగుచున్నాము. అచట ఏమున్నదో, దాని పేరేమో కూడ అడుగుడు. చెప్పనిచో నలుగురు కలిసి పోయి అడుగుడు. నాడు మా బడినౌకరు అడుగలేదు, నేను చెప్పలేదు.