పొర మీద పొర... తాండ్ర రుచి
రోహిణి ఎండ ఉండగానే పని ముగించాలి

విజయవాడ: నున్న మార్కెట్‌లో లారీ ఎక్కిన బంగినపల్లి కాయ ఉత్తరాది నగరాల దాకా వెళుతుంది. చిన్నరసం, పెద్దరసం అంత దూరం ప్రయాణం చేయలేవు. నూజివీడు, ఆగిరిపల్లి, మైలవరం తోటల్లో పండి మెత్తబడిన రసాలు రెండు మూడు రోజుల్లో అమ్ముడుపోకపోతే పశువుల పాలే. ఆ పండును మరుసటి వేసవి దాకా నిలిపే ఉపాయం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. అదే మామిడి తాండ్ర.

తాండ్రకు పొయ్యితో పెద్దగా పని లేదు, ఎండే దానికి పొయ్యి. పది కిలోల మామిడి రసంలో ఎనిమిది కిలోలకు పైగా నీరే ఉంటుంది. ఆ నీటినంతా ఎండ లాగేయాలి. ఒకేసారి మందంగా పోస్తే పైన ఆరి లోపల తడి మిగిలిపోతుంది. పొరలు పొరలుగా వేయడం అందుకే.

తయారుచేసే విధం

పండ్లను వరిగడ్డిలోనే మాగవేయాలి. కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది. పండ్లను కడిగి, తుడిచి, తొడిమ దగ్గరి సొన పిండి పారబోయాలి. కుళ్లు తగిలిన పండు ఒక్కటి కలిసినా రసమంతా పులుస్తుంది. పిండిన రసాన్ని పలుచని గుడ్డలో వడకడితే పీచు పోతుంది. కిలో రసానికి పావు కిలో పంచదార చాలు, పండు బాగా తియ్యనిదైతే ఇంకా తగ్గించవచ్చు. బెల్లం వేస్తే రుచి బాగుంటుంది గాని రంగు నల్లబడుతుంది. రసాన్ని సన్నని సెగ మీద కాసేపు వేడిచేసి చల్లార్చుకుంటే త్వరగా పులవదు.

అంచున్న పళ్లేనికి నెయ్యి రాసి, రెండు రూపాయి బిళ్లల మందాన రసం పోయాలి. ఎక్కువ మొత్తంలో చేసేవారు తాటాకు చాపలు వాడతారు. మంచం మీద పెట్టి, కోళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచితే చీమలు పట్టవు. ఈగలు వాలకుండా పైన పలుచని గుడ్డ కట్టాలి, అది రసానికి తగలకూడదు. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చుకోవాలి.

వేలితో తాకితే అంటుకోనప్పుడే రెండో పొర వేయాలి. మంచి ఎండలో రోజుకు ఒక పొర ఆరుతుంది. ఏ రోజు రసం ఆ రోజే పిండాలి, నిన్నటిది పనికిరాదు. పది పొరలు పడితే తాండ్ర చిటికెనవేలి మందాన వస్తుంది. ఆ తరువాత తిరగేసి మరో రెండు రోజులు ఎండబెట్టాలి.

మబ్బు పడితే?

అసలు గండం ఇక్కడే ఉంది. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె వస్తుంది, దానితో మబ్బులు వస్తాయి. కృత్తిక కార్తెలో, అంటే మే నెల మధ్యలో మొదలుపెట్టినవారికి రోహిణి ఎండ పూర్తిగా దక్కుతుంది. ఆలస్యంగా మొదలుపెడితే సగంలో వాన పడి పండ్లు, పంచదార, పది రోజుల శ్రమ బూజు పాలవుతాయి. మధ్యలో మబ్బు పడితే కొత్త పొర వేయకుండా, వేసినంతవరకు ఫ్యాను గాలికి ఆరబెట్టి, ఎండ రాగానే బయట పెట్టాలి. పుల్లని వాసన వస్తే మాత్రం దాన్ని పారేయడమే మేలు.

బాగా ఆరిన తాండ్రను ముక్కలు కోసి, నెయ్యి రాసిన కాగితంలో చుట్టి, తడిలేని డబ్బాలో దాచాలి. వర్షాకాలంలో ఎండ కాసినప్పుడల్లా తీసి ఆరబెట్టుకోవాలి.

2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల ఊరు ఆత్రేయపురంలో తాండ్ర కూడా కుటీర పరిశ్రమే. నేలరాలే ధరకు రసాలు అమ్ముకునే మన తోటల పక్క ఊళ్లలో మహిళా సంఘాలు ఈ పని చేపడితే పండూ దక్కుతుంది, నాలుగు డబ్బులూ చేరతాయి. అయితే అమ్మకానికి తయారుచేసేవారు ముందుగా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.