మనవి కాదు, ఆజ్ఞ

యునిక్స్‌లో నైస్ అనే కమాండ్ ఉంది. పేరుకు తగ్గట్టే మర్యాదస్తురాలు. ‘ముందు మిగతావాళ్ల పని కానివ్వండి, నాది తర్వాత చూద్దురుగాని’ అనడం దాని పని. బెల్ ల్యాబ్స్‌లో ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకున్న 1970ల నాటి అలవాటు అది. నేటి లినక్స్‌లో మైనస్ 20 నుంచి 19 దాకా అంకెలు; అంకె పెరిగేకొద్దీ పని వెనక్కి పోతుంది. వెనక్కి తగ్గడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందుకు రావాలంటే మాత్రం మామూలుగా రూట్ అధికారం, అంటే యంత్రం మీద పూర్తి పెత్తనం, కావాలి.

ఎంతైనా అది మనవే. ఒకే కోర్ కోసం రెండు ప్రోగ్రాములు పోటీపడితే, ఒక్క మెట్టు తేడాకు దక్కే వాటాలు సుమారు 55, 45 శాతం. ప్రోగ్రాములకు వంతులు వేసే షెడ్యూలర్ వెనకున్నదాన్ని పస్తు పెట్టదు.

పాట రికార్డు చేసేవాళ్లకు ఈ ధర్మబుద్ధి పనికిరాదు. సెకనుకు 48,000 శాంపిళ్లు, బఫర్‌లో 256 అనుకుంటే, 5.3 మిల్లీసెకన్లకోసారి సౌండ్ కార్డుకు కొత్త ముక్క అందాలి. ఒక్కసారి ఆలస్యమైనా హెడ్‌ఫోన్‌లో ‘టక్’.

ఇలాంటి గడువు పనుల కోసం, యునిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉద్దేశించిన పోసిక్స్ ప్రమాణం 1993లో స్థిర ప్రాధాన్యాలు తెచ్చింది. లినక్స్‌లో ఇవి 1 నుంచి 99. సీహెచ్‌ఆర్‌టీ కమాండ్‌తో ఇస్తారు. ఇక్కడ పెద్ద అంకెదే పెత్తనం. నైస్‌కు సరిగ్గా తిరగేసి! ఈ తికమక ఎవరి పుణ్యమో కానీ, కొత్తవాళ్లు తప్పకుండా పడే గుంట ఇదే. వీటిలో ఫిఫో అనే పద్ధతిలో నడిచే ప్రోగ్రామ్ తనంతట తాను ఆగాలి, లేదా అంతకంటే పెద్ద అంకె రావాలి. అంతదాకా కోర్ వదలదు.

అలాంటిది అంతులేని లూప్‌లో చిక్కుకుంటే? ఒకే కోర్ ఉన్న యంత్రంలో కీబోర్డు కొట్టినా పలకదు. అందుకే 2008లో లినక్స్ ఒక కట్టడి పెట్టింది: ఇలాంటి పనులకు సెకనులో 0.95 వంతే. ప్రతి సెకనులో మిగిలే 50 మిల్లీసెకన్లలోనే మనం టెర్మినల్ తెరిచి దాన్ని చంపాలి.

అంకెలు సరిగ్గా ఇచ్చినా గొడవ రావచ్చు. 1997 జులై 4న అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ నౌకలో నడిచింది యునిక్స్ కాదు, వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్. ప్రాధాన్యాలు మాత్రం ఇలాంటివే. వాతావరణం చూసే చిన్న (తక్కువ ప్రాధాన్యం) పని ఒకసారి ఒక్కరికే దక్కే తాళం పట్టుకుని ఉండగా, ఆ తాళం కోసం పెద్ద (ఎక్కువ ప్రాధాన్యం) పని ఆగింది. ఈలోగా మధ్య ప్రాధాన్యం పని దూరి చిన్నదాన్ని కదలనివ్వలేదు. పెద్ద పని గడువు తప్పింది, కంప్యూటర్ రీసెట్ అయింది. ఇలా పలుమార్లు. ఇంజనీర్లు భూమ్మీది నమూనాలో అదే తప్పును రప్పించి, తాళం పట్టుకున్న పనికి దానికోసం ఆగినదాని ప్రాధాన్యం అరువిచ్చే మీటను అంత దూరం నుంచే ఆన్ చేశారు. రీసెట్లు ఆగిపోయాయి.