మేఘనా గట్టున భారత సైనికుల స్మారకం

ఆశుగంజ్ బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణ్‌బరియా జిల్లాలో, మేఘనా నది తూర్పు గట్టున ఉన్న ఊరు. 1971లో ప్రాణాలిచ్చిన భారత సైనికుల కోసం ఇక్కడ తలపెట్టిన స్మారకానికి 2021 మార్చి 27న మోదీ, షేక్ హసీనా ఢాకాలో శంకుస్థాపన చేశారు. మరో దేశపు సైనికులకు సొంత గడ్డపై స్మారకం కట్టాలన్న నిర్ణయం బంగ్లాదేశ్‌దే.

ఆ ఊరి ప్రాధాన్యం తెలియాలంటే నదిని చూడాలి. తూర్పు నుంచి ఢాకాకు వెళ్లే సేనకు పెద్ద అడ్డంకి మేఘనా. ఆశుగంజ్‌ను ఆవలి ఒడ్డునున్న భైరవ్ బజార్‌తో కలిపే రైలు వంతెనను డిసెంబర్ 9న పాక్ సేన పేల్చేసింది. ఆశుగంజ్ పోరులో 18వ రాజ్‌పుత్ బెటాలియన్‌కు తీవ్ర ప్రాణనష్టం జరిగింది. అయినా నాలుగో కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ ఆగలేదు. ఎంఐ-4 హెలికాప్టర్లలో సైనికులను నది దాటించారు. స్థానికులు నాటు పడవలతో తోడయ్యారు. సరిగ్గా వారానికి ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది.

తూర్పు రంగంలో దక్కిన ఏకైక పరమవీర చక్ర కూడా ఈ ప్రాంతానిదే. లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా నేలకొరిగిన గంగాసాగర్ ఇదే జిల్లాలో ఉంది.

విశాఖ ఆర్కే బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ కూడా 1971 స్మారకమే. అది మన గడ్డ మీద ఉంది కనుక దానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు. ఆశుగంజ్ స్మారకం అలా కాదు, బంగ్లాదేశ్ తన చరిత్రను ఎలా చెప్పుకుంటుందన్న దానిపైనే ఆధారపడుతుంది. మనకు 1971 అంటే 13 రోజుల యుద్ధం. వాళ్లకు మార్చిలో మొదలై తొమ్మిది నెలలు సాగిన విముక్తి పోరాటం. ముక్తి బాహిని పేరెత్తకుండా ‘భారత్ విజయం’ అంటే ఢాకాలో నొచ్చుకునేది అందుకే. 2024 డిసెంబర్ 16న మోదీ సందేశంపై తాత్కాలిక ప్రభుత్వ సలహాదారు ఆసిఫ్ నజ్రుల్ బాహాటంగానే నిరసన తెలిపారు. భారత్ మిత్రపక్షం మాత్రమేనన్నది ఆయన వాదన. ‘మాత్రమే’ అనడం ఆశుగంజ్‌లో పడిపోయినవారికి న్యాయం చేయదు. అలాగని విజయమంతా మన ఖాతాలో వేసుకోవడం ముక్తి యోధులకూ న్యాయం కాదు.

రాళ్లకు రక్షణ లేదని అంతకు ముందే తేలింది. ఆ ఏడాది ఆగస్టులో హసీనా ప్రభుత్వం కూలాక ముజిబ్‌నగర్ ప్రాంగణంలో లొంగుబాటు దృశ్యాన్ని చూపే శిల్పాలను పగలగొట్టారు. 1971 ఏప్రిల్ 17న బంగ్లాదేశ్ తొలి ప్రభుత్వం ప్రమాణం చేసిన చోటు అది. కాగా, నాలుగు నెలల తర్వాత విజయ్ దివస్‌కు ముక్తి యోధులు కోల్‌కతాకు, భారత మాజీ సైనికులు ఢాకాకు ఎప్పటిలాగే వెళ్లారు.