నడివయసులో సహోదరీల శరీరం

శారా శరీరంలో వచ్చిన మార్పును ఆదికాండము 18:11 దాచకుండా చెబుతుంది. గ్రంథం సిగ్గుపడని ఈ సంగతిని మన సంఘాల్లో మాత్రం ఎవరూ ఎత్తరు. గజపతినగరం చుట్టుపక్కల స్త్రీలు ప్రార్థన కోరుతూ చెప్పే మాటలు మాకు కొత్త కాదు: “అయ్యగారూ, తిండి తగ్గించినా పొట్ట తగ్గట్లేదు, రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేదు.” ఇంట్లోవాళ్ళేమో బద్ధకం అంటారు. అది అన్యాయమైన మాట.

పన్నెండు నెలలు వరుసగా నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే వస్తుంది. దానికి కొన్నేళ్ళ ముందునుంచే ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గులై, చివరకు పడిపోతుంది. కొవ్వు ఎక్కడ చేరాలి, ఇన్సులిన్ ఎంత బాగా పనిచేయాలి, ఎముక ఎంత గట్టిగా ఉండాలి అన్నవాటన్నిటిలో ఆ హార్మోను పాత్ర ఉంది. అది తగ్గాక, తొడలకు చేరే కొవ్వు పొట్టకు మళ్ళుతుంది. పొట్ట కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. షుగర్, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతాయి.

వయసుకే ఒంట్లో ఖర్చు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. 29 దేశాల్లో 6,400 మందికి పైగా పరిశీలించి 2021లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన వేరే మాట చెప్పింది. శరీర పరిమాణాన్ని, కండను లెక్కలోకి తీసుకుంటే 20 నుండి 60 ఏళ్ళ వరకు ఆ ఖర్చు దాదాపు ఒకేలా ఉంటుంది. అయితే కండ కరిగితే మొత్తం ఖర్చు తగ్గుతుంది. అందుకే పస్తులకన్నా పప్పు, గుడ్డు, ఉలవలు, బరువెత్తే పని మేలు. మన చోడి అంబలిలో కాల్షియం ఉంది, కానీ పూటకు మూడు గరిటెల తెల్లన్నం పక్కన అదొక్కటే ఏమీ చేయలేదు.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది మరొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతా కలిపి నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. తెల్లబట్ట, నడుము నొప్పి అని వెళ్ళి, క్యాన్సర్ వస్తుందేమోనన్న భయంతో ముప్పై ఐదేళ్ళకే ఆపరేషనుకు ఒప్పుకున్నవారు మన బెంచీల మీదే ఉన్నారు. అండాశయాలు కూడా తీసేస్తే, ఏళ్ళ మీద మెల్లగా రావలసిన మార్పు ఒక్కరోజులో వస్తుంది. ఎముకలకు, గుండెకు ముప్పు ముందే మొదలవుతుంది. అనవసర ఆపరేషన్లను అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. సంతకం పెట్టేముందు ఇంకొక డాక్టరును అడగండి. “అండాశయాలు ఉంచుతారా?” అని తప్పక అడగండి.

ఉపవాస ప్రార్థన గురించి కాపరులకు ఒక మాట. షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరగవచ్చు. ఆ సహోదరికి భక్తి తక్కువని ఎవరూ అనవద్దు. ఆమె తిని ప్రార్థించవచ్చు.

ముప్పై దాటినవారికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్ళీ రక్తం కనబడితే మాత్రం, ఒక చుక్కైనా సరే, ఆదివారం దాకా ఆగకండి. వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.