గింజ నుంచి గ్లాసు దాకా.. మసక బీరు తయారీ!

చూడటానికి పండ్ల రసంలా మసకగా, ఘాటైన పరిమళంతో ఉండే 'హేజీ పేల్ ఏల్' బీరును అమెరికాలో ఔత్సాహికులు ఇళ్లలోనే తయారు చేసుకుంటున్నారు. 1978 అక్టోబరులో నాటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఇందుకు వీలు కల్పించింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల వరకు పరిమితి. అమ్మకం మాత్రం నిషిద్ధం. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013లో గానీ దీనికి సమ్మతించకపోవడం గమనార్హం. వెర్మాంట్ రాష్ట్రంలో ప్రాచుర్యంలోకి వచ్చిన ఈ మసక రకానికి 2018లో అక్కడి బ్రూవర్స్ అసోసియేషన్ తన ప్రమాణాల్లో చోటు కల్పించింది.

మొలక గింజే మూలం
మన ఇళ్లలో రాగులను మొలకెత్తించి, ఆరబెట్టి మాల్ట్ చేసుకునే పద్ధతి వంటిదే ఇదీ. ఇక్కడ రాగులకు బదులు బార్లీ. 20 లీటర్ల బీరుకు సుమారు 5 కిలోల గింజలు కావాలి. అందులో నాలుగు పాళ్లు బార్లీ మాల్ట్ కాగా, మిగిలినది గోధుమ, ఓట్స్. పగలగొట్టిన గింజలను 66-67 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు ఉంచితే ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి రసాన్ని వడకట్టి మరో గంట మరిగిస్తారు.

పరిమళమంతా హాప్స్‌దే
హాప్స్ అనే తీగ మొక్క పూలే ఈ బీరుకు ప్రాణం. వీటిని మరిగే రసంలో వేస్తే చేదు దిగుతుంది, సువాసన ఆవిరవుతుంది. అందువల్ల పొయ్యి ఆర్పి, రసం 80 డిగ్రీలకు దిగాకే అధిక భాగం వేస్తారు. అనంతరం 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. పులియడం సద్దుమణిగే వేళ మరో 100 గ్రాములకు పైగా హాప్స్ వేస్తారు. గింజల్లోని మాంసకృత్తులు, హాప్స్‌లోని పాలీఫినాల్స్ కలవడం వల్లే మసక ఏర్పడుతుంది. పులిసిన తర్వాత గాలి సోకితే రంగు మారి, పరిమళం నశిస్తుంది.

తొందరపడితే సీసా పేలుతుంది
అసలు ప్రమాదం చివరి దశలోనే పొంచి ఉంటుంది. రెండోసారి వేసిన హాప్స్‌లోని ఎంజైములు, ఈస్ట్ వదిలేసిన డెక్స్‌ట్రిన్లను సైతం చక్కెరగా విడగొడతాయి. దీంతో ఆగిందనుకున్న పులియడం తిరిగి మొదలవుతుంది. ఆ స్థితిలో సీసాల్లో నింపి మూత బిగిస్తే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి గాజు పగిలి ముక్కలు ఎగిరిపడతాయి. చేతులకు, కళ్లకు గాయాలయ్యే ముప్పుంది. హైడ్రోమీటరు వరుసగా మూడు రోజులు ఒకే అంకె చూపిన తర్వాతే సీసాలు నింపాలి. నురగ కోసం లీటరుకు 6 గ్రాముల చక్కెర సరిపోతుంది.

ఇక్కడ నేరమే
అక్కడ నేర్చిన విద్యను సెలవులకు వచ్చినప్పుడు సొంతూళ్లో ప్రదర్శించాలనుకునే ప్రవాసులు ఒక విషయం మరువరాదు. తెలుగు రాష్ట్రాల్లో అమలులో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం శిక్షార్హం. అమ్మకానికి కాదు, ఇంటి వాడకానికే అన్నంత మాత్రాన కేసు తప్పదు.