గూడు కట్టదు.. దోమను వదలదు
వరి మడికి తోడేలు సాలీడు కాపలా

శ్రీకాళహస్తి: ఈ క్షేత్రం పేరులోనే సాలెపురుగు ఉంది. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు అని స్థలపురాణం చెబుతుంది. శివలింగంపై గూడు అల్లి తరించిన సాలీడు కథ ఈ ప్రాంతంలో ఇంటింటా తెలిసినదే. అయితే వరి మడుల్లో అసలు గూడే అల్లని సాలీడు ఒకటి ఉంది. అదే తోడేలు సాలీడు. పంటను పీల్చే దోమకు అది బద్ధశత్రువు. దోమ కనిపించగానే విచక్షణ లేకుండా కొట్టే మందుకు అది కూడా బలవుతోంది.

పేరుకే పురుగు

పేరులో పురుగు ఉన్నా సాలీడు పురుగుల వర్గానికి చెందదు. పురుగులకు ఆరు కాళ్లుంటే సాలీడుకు ఎనిమిది. రెక్కలు, మీసాలు ఉండవు. తేళ్లు, పిడుదులు దీని బంధువర్గం. ప్రపంచంలో గుర్తించిన సాలీళ్ల జాతులు 2022లో 50 వేలు దాటాయి. వీటిలో తోడేలు సాలీళ్లది లైకోసిడే కుటుంబం. 1833లో స్వీడన్ శాస్త్రవేత్త సుండెవాల్ దీనికి ఆ పేరు పెట్టారు. గ్రీకు భాషలో లైకోస్ అంటే తోడేలు. ఈ కుటుంబంలో 2,400కు పైగా జాతులున్నాయి. తోడేళ్లు మందగా వేటాడితే ఇవి ఒంటరిగా వేటాడతాయి.

వరిలో ప్రధానంగా కనిపించే జాతి పార్డోసా సూడోయాన్యులేటా. 1906లో జపాన్ నమూనాల ఆధారంగా దీనిని తొలిసారి వర్ణించినపుడు టారెంటులా ప్రజాతిలో చేర్చారు. తర్వాత లైకోసాలోకి, అనంతరం పార్డోసాలోకి మార్చారు. పాత వ్యవసాయ పుస్తకాల్లో లైకోసా అని ఉన్నది ఈ సాలీడే.

గుర్తుపట్టడం ఇలా

దీని ఎనిమిది కళ్లు మూడు వరుసల్లో ఉంటాయి. కింద నాలుగు చిన్నవి, మధ్యలో రెండు పెద్దవి, పైన మరో రెండు. రాత్రివేళ టార్చిలైటు వెలుగు పడితే ఈ కళ్లు మిలమిల మెరుస్తాయి. వీపుపై పంగలకర్ర వంటి గుర్తు ఉంటుంది. ఆడ సాలీడు గుడ్ల సంచిని పొట్ట చివర అంటించుకుని తిరుగుతుంది. పొదిగిన పిల్లలు 60 నుంచి 80 వరకు తల్లి వీపుపై ఎక్కి కొన్నాళ్లు గడుపుతాయి.

దోమ చేరే చోటే వేట

సుడిదోమ వరి దుబ్బుల మొదళ్లలో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. తోడేలు సాలీడు తిరిగేదీ అక్కడే. నీటిపై కూడా పరుగెత్తి వేటాడుతుంది. ఒక్కో సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులను తింటుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పేర్కొంది.

దోమ తన గుడ్లను ఆకు తొడిమ లోపల పెడుతుంది. పైన కొట్టిన మందు వాటికి తగలదు. బయట తిరిగే సాలీడు మాత్రం చనిపోతుంది. వారం, పది రోజుల్లో గుడ్లు పిల్లలయ్యేసరికి మడిలో వాటిని తినే జీవి ఉండదు. మందు కొట్టిన తర్వాతే దోమ ఉద్ధృతి పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ ప్రమాదాన్ని గుర్తించిన ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది.

లెక్క చూశాకే మందు

నాట్ల సమయంలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు సోకి దోమ తగ్గుతుంది. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలు దాటితేనే మందు గురించి ఆలోచించాలి. దోమను మరింత పెంచే సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల జోలికి వెళ్లరాదు. దుబ్బు విడదీసి దోమలతో పాటు సాలీళ్లనూ లెక్కించాలి. అవి బాగా కనిపిస్తుంటే నాలుగు రోజులు ఆగి మళ్లీ లెక్క చూడాలి. రైతుకు ఒక పిచికారీ ఖర్చు మిగిలే అవకాశం ఉంటుంది.