తిరిగే పళ్ళెం నుండి తిరగని స్మృతికి

పాత చిన్న లాప్‌టాప్ మూలన పడి ఉండుట ఖతార్‌లోని తెలుగువారి ఇండ్లలో అరుదైన దృశ్యం కాదు. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడి పాఠాలు ఇంటికే వచ్చినప్పుడు పిల్లల కొరకు కొన్నవి కూడ వాటిలో ఉన్నవి. మీట నొక్కి, టీ కాచుకొని వచ్చినా తెర తేరుకొనదు. యంత్రం ముసలిదైనదని పారవేయుటకు ముందు దోషమెక్కడున్నదో విచారించుట మేలు.

పెక్కు సందర్భాలలో ఆలస్యానికి మూలం హార్డ్ డిస్క్. అది గ్రామఫోను రికార్డుకు దగ్గరి చుట్టం. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్ళెం ఒక్క చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు తీసుకొంటుంది. కోరిన సమాచారం చదివే శీర్షం క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగం కాలం. శీర్షం చోటు మారుటకు మరికొంత. సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లో, అనగా ఎస్‌ఎస్‌డిలో, తిరిగే భాగమే లేదు. విద్యుద్బంధక పొరల నడుమ చిక్కిన ఎలక్ట్రాన్లే అక్షరాలు. మిల్లీసెకనులో పదోవంతు కాలంలోనే అవి చేతికందుతాయి. ఇందుకు ఆధారమైన ఫ్లాష్ స్మృతిని జపాన్‌లోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1984లోను, దానిలోని నాండ్ రకాన్ని 1987లోను లోకానికి వెల్లడించారు.

మార్పిడి ఇంటిలోనే చేసుకొనవచ్చును. ముందుగా లాప్‌టాప్ రకం తెలుసుకొనవలెను. కొన్నింటిలో రెండున్నర అంగుళాల డ్రైవ్, కొన్నింటిలో ఎం.2 అనే సన్నని పలక ఇముడుతుంది. బాగా చౌకవాటిలో స్మృతి బోర్డుకే అతికి ఉంటుంది; దానిని మార్చలేము. 9.5 మిల్లీమీటర్ల డిస్క్ స్థానంలో 7 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్‌డి పెట్టినప్పుడు చిన్న చట్రం అవసరం కావచ్చును.

మర విప్పుటకు ముందే అన్నప్రాశన, అక్షరాభ్యాసాల ఫొటోలను వేరొకచోట నకలు చేసుకొనవలెను. డిస్క్‌కు గూఢలిపి రక్షణ ఉన్నచో దాని తాళపు సంఖ్యను కాగితంపై వ్రాసుకొనవలెను. యుఎస్‌బి తీగతో కొత్త డ్రైవ్‌ను కలిపి, పాతదాని ప్రతిని క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో దానిలోనికి దించవచ్చును. పిమ్మట యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, లోహవస్తువును తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకొనవలెను. ఏ.సి. గదిలోని పొడిగాలికి, తివాచీకి ఈ జాగ్రత్త మరింత అవసరం. మూత తెరిచిన వెంటనే బ్యాటరీ సంబంధం తప్పించి, ఆపై డ్రైవ్ మార్చవలెను. ఏ మర ఏ రంధ్రానిదో కాగితంపై గుర్తుంచుకొన్నవారికి మూత వేయుట సులభం.

అయితే వేగమే భద్రత కాదు. హార్డ్ డిస్క్ కొన్నిసార్లు టక్కుటక్కుమని హెచ్చరించి చెడిపోతుంది. ఎస్‌ఎస్‌డి చడీచప్పుడు లేకనే ఆగిపోవచ్చును. పైగా విద్యుత్తు లేని ఎస్‌ఎస్‌డికి వేడి శత్రువు. గృహవినియోగపు డ్రైవ్, నిర్ణీత వ్రాత పరిమితిని చేరిన పిదప సైతం, 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరం సమాచారం నిలుపవలెనని జెడెక్ ప్రమాణం. ఉష్ణోగ్రత పెరిగినకొలది ఆ గడువు తగ్గుతుంది. దోహా వేసవిలో నీడపట్టునే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి; మూసిన కారులో చెప్పనక్కరలేదు. కొత్త డ్రైవ్‌కు ఒక సెలవుకాలపు వేడితోనే ముప్పు రాకపోవచ్చును గాని, అరిగిన డ్రైవ్‌ను ఏకైక భాండాగారంగా నమ్మి, ఇల్లు తాళం వేసి స్వదేశానికి వెళ్ళుట మంచిది కాదు.

తీసిన పాత డిస్క్ ఇంకను బాగున్నచో, దానిని యుఎస్‌బి పెట్టెలో అమర్చి రెండవ ప్రతిగా వాడుకొనవచ్చును. ఒక ప్రతి దోహాలో, మరొకటి ఊరిలో అమ్మమ్మగారి బీరువాలో ఉన్న కుటుంబానికి ఏ యంత్రం చెడినా జ్ఞాపకాలు మిగులుతాయి.